మైఖేల్ ఐస్నర్ నాయకత్వం: వాల్ట్ డిస్నీ సంస్థ (1984–2005)

అమెరికాలోని వాల్ట్ డిస్నీ సంస్థకు మైఖేల్ ఐస్నర్ 1984 సెప్టెంబరు నుంచి 2005 సెప్టెంబరు వరకు సీఈఓగా పనిచేశారు. ఆ 21 ఏళ్లలో సంస్థ వార్షికాదాయం దాదాపు 165 కోట్ల డాలర్ల నుంచి 3,000 కోట్ల డాలర్ల పైకి చేరింది. పరుల పాలు కాబోయిన సంస్థను నిలబెట్టింది ఆయనే. చివరకు వాటాదారుల అవిశ్వాసంతో బోర్డు అధ్యక్ష పదవిని పోగొట్టుకున్నదీ ఆయనే. వినోద పరిశ్రమలో ఒక సంస్థాధిపతి పనితీరును ఎలా తూచాలి అన్న చర్చలో ఆయన పేరు తరచూ రావడానికి కారణం ఇదే.

ఈ అంచనాలో ప్రధానమైన చిక్కు కాలం. షేరు ధర రోజూ మారుతుంది. సినిమా జాతకం రెండు మూడేళ్లలో తేలిపోతుంది. థీమ్ పార్కు సంగతి వేరు. తలపెట్టిన నాటి నుంచి దాని మంచిచెడ్డలు తేలడానికి పది పదిహేనేళ్లు పడుతుంది. అందువల్ల ఒక అధిపతి హయాంలో కనిపించే ఫలితాల్లో కొన్ని ముందువారి నిర్ణయాలవి. ఆయన సొంత నిర్ణయాల్లో కొన్నిటి లాభనష్టాలు తరువాతివారి లెక్కలో పడతాయి. ఐస్నర్ పాలనలో ఈ రెండు రకాలకూ ఉదాహరణలున్నాయి.

1984 నాటి పరిస్థితి

వాల్ట్ డిస్నీ 1966 డిసెంబరులో, ఆయన అన్న రాయ్ ఓ. డిస్నీ 1971 డిసెంబరులో మరణించారు. ఆ తరువాత దశాబ్దానికి పైగా సంస్థ పాత పేరు మీదే నడిచింది. సినిమాల్లో హాలీవుడ్ ప్రధాన స్టూడియోలన్నిటి కంటే వెనకబడింది. ఫ్లోరిడాలో 1982 అక్టోబరు 1న తెరిచిన ఎప్‌కాట్ పార్కు ఖర్చు 100 కోట్ల డాలర్లు దాటింది. 1983 ఏప్రిల్‌లో టోక్యో డిస్నీలాండ్ ప్రారంభమైంది గానీ దాని యజమాని ఓరియంటల్ ల్యాండ్ అనే జపాన్ కంపెనీ. డిస్నీకి దక్కింది టికెట్లు, తిండి, సరుకుల అమ్మకాల మీద రాయల్టీ మాత్రమే.

వాల్ట్ అల్లుడు రాన్ మిల్లర్ 1983లో సీఈఓ అయ్యారు. డిస్నీ ఛానల్, పెద్దవాళ్లకు నచ్చే చిత్రాల కోసం టచ్‌స్టోన్ పతాకం, దాని కింద 1984లో విజయం సాధించిన 'స్ప్లాష్' ఆయన కాలంలో వచ్చినవే. వాటి ఫలం అందుకునేలోపే ఆయన పదవి పోయింది. 1984లో సాల్ స్టెయిన్‌బర్గ్ అనే పెట్టుబడిదారుడు పెద్ద ఎత్తున వాటాలు కొని సంస్థను చేజిక్కించుకోబోయారు. బోర్డు దాదాపు 32.5 కోట్ల డాలర్లు చెల్లించి ఆ వాటాలను వెనక్కి తీసుకుంది. ఈ గొడవకు ముందే బోర్డు నుంచి తప్పుకున్న రాయ్ ఇ. డిస్నీ (వాల్ట్ అన్న కొడుకు), ఆయన సలహాదారు స్టాన్లీ గోల్డ్, టెక్సస్‌కు చెందిన బాస్ కుటుంబం కలిసి కొత్త నాయకత్వానికి దారి వేశారు.

ఐస్నర్–వెల్స్ జోడీ

1942లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టిన ఐస్నర్ కళాశాలలో సాహిత్యం, నాటకం చదివారు. ఏబీసీ టెలివిజన్‌లో పైకొచ్చి, 1976 నుంచి పారమౌంట్ స్టూడియోకు అధ్యక్షుడిగా ఉన్నారు. కథ నచ్చితే తక్కువ ఖర్చుతో తీయడం, పెద్ద తారల కంటే మంచి ఆలోచనను నమ్ముకోవడం ఆయన పద్ధతి. డిస్నీలో ఆయన బోర్డు అధ్యక్షుడు, సీఈఓ అయ్యారు. వార్నర్ బ్రదర్స్ నుంచి వచ్చిన న్యాయవాది ఫ్రాంక్ వెల్స్ అధ్యక్షుడిగా రెండో స్థానం తీసుకున్నారు. ఇద్దరూ సమాన హోదాలో ఉండాలన్న ప్రతిపాదనకు ఐస్నర్ ఒప్పుకోకపోతే వెల్స్ పంతానికి పోకుండా వెనక్కి తగ్గారు.

పని విభజన కాగితం మీద కంటే ఆచరణలో బాగా కుదిరింది. కొత్త ఆలోచనలు ఐస్నర్‌వి. ఒప్పందాలు, లెక్కలు, అలిగినవారిని దారికి తెచ్చే పని వెల్స్‌ది. ఐస్నర్ ఉత్సాహానికి ఎక్కడ కళ్లెం వేయాలో వెల్స్‌కు తెలుసు. తొలి దశాబ్దపు విజయాలను ఐస్నర్ ఒక్కరి ఖాతాలో వేయడం సరికాదని చాలామంది పరిశీలకులు అనడానికి ఇదే ఆధారం.

చలనచిత్రాల పునరుద్ధరణ

పారమౌంట్ నుంచి వెంట వచ్చిన జెఫ్రీ కాట్జెన్‌బర్గ్‌కు స్టూడియో బాధ్యత అప్పగించారు. 1984లో ప్రధాన స్టూడియోల్లో అట్టడుగున ఉన్న డిస్నీ 1988కి వసూళ్లలో మొదటి స్థానానికి వచ్చింది. యానిమేషన్‌లో 'ది లిటిల్ మర్మెయిడ్' (1989), 'బ్యూటీ అండ్ ద బీస్ట్' (1991), 'అలాదీన్' (1992), 'ది లయన్ కింగ్' (1994) వరుసగా వచ్చాయి. వీటిలో రెండోది ఉత్తమ చిత్రం విభాగంలో ఆస్కార్‌కు పోటీపడిన తొలి యానిమేషన్ చిత్రం. భద్రంగా దాచుకున్న పాత చిత్రాలను వీడియో క్యాసెట్లుగా ఇళ్లకు అమ్మాలన్న నిర్ణయం కూడా భారీ ఆదాయం తెచ్చింది. యానిమేషన్ పునరుజ్జీవనంలో కాట్జెన్‌బర్గ్, రాయ్ ఇ. డిస్నీ, గీత రచయిత హోవర్డ్ యాష్మన్ వంటివారి పాత్ర పెద్దది. వారందరికీ వీలు కల్పించడం ఐస్నర్ వంతు.

పార్కులు, హోటళ్లు

1984 నాటి లాభాల్లో సింహభాగం పార్కులదే. అక్కడ కొత్త యాజమాన్యం మొదట చేసింది టికెట్ ధర పెంచడం. ఏళ్ల తరబడి ధరను అణచి ఉంచారు కాబట్టి, పెంచినా జనం తగ్గలేదు. తొలి ఏళ్ల లాభాల పెరుగుదలలో దీని వాటా గణనీయం. దీన్ని నాయకత్వ ప్రతిభ అనాలా, ముందువారు వాడుకోని అవకాశం అనాలా అన్నది చర్చనీయాంశమే.

రెండో మార్పు హోటళ్లు. ఫ్లోరిడాలో డిస్నీ వరల్డ్‌కు వచ్చేవారు బయటి హోటళ్లలో దిగి, ఆ డబ్బు అక్కడే ఖర్చుపెట్టేవారు. 1988లో గ్రాండ్ ఫ్లోరిడియన్, కరీబియన్ బీచ్, 1990లో యాట్ క్లబ్, బీచ్ క్లబ్, 1994లో తక్కువ ధరల ఆల్ స్టార్ హోటళ్లు తెరిచి రకరకాల ఆదాయవర్గాలను సంస్థ భూమి మీదే నిలుపుకున్నారు. మైఖేల్ గ్రేవ్స్, రాబర్ట్ స్టెర్న్, అరాటా ఇసొజాకి, ఫ్రాంక్ గెహ్రీ వంటి వాస్తుశిల్పులకు పనులు అప్పగించారు. కంపెనీ భవనాలకు ఇంత పేరున్న వాస్తుశిల్పులను పిలిచిన వినోద సంస్థ అప్పట్లో మరొకటి లేదు.

ఆకర్షణల విషయంలో ఐస్నర్ సినిమా మనిషిగానే ఆలోచించారు. మైఖేల్ జాక్సన్‌తో తీసిన 'కెప్టెన్ ఈఓ' (1986), జార్జ్ లూకస్‌తో కలిసి చేసిన 'స్టార్ టూర్స్' (1987) బయటి ప్రతిభను పార్కుల్లోకి తెచ్చాయి. యూనివర్సల్ ఫ్లోరిడాలో స్టూడియో పార్కు కడుతోందని తెలిసి, దానికంటే ఏడాది ముందే 1989 మే 1న డిస్నీ–ఎంజీఎం స్టూడియోస్ తెరిచారు. 1998 ఏప్రిల్ 22న యానిమల్ కింగ్‌డమ్ వచ్చింది. అదే ఏడాది ఓడ విహారాల వ్యాపారం మొదలైంది. 1999లో ఉచిత ఫాస్ట్‌పాస్ ప్రవేశపెట్టి క్యూలో నిలబడే బాధ తగ్గించారు.

యూరో డిస్నీ

టోక్యోలో లాభమంతా జపాన్ కంపెనీకి పోవడం ఐస్నర్ బృందాన్ని బాధించింది. పారిస్ దగ్గర మార్న్-లా-వాలేలో కట్టిన పార్కులో అందుకే 49 శాతం వాటా తీసుకుని, నిర్వహణ తమ చేతిలోనే ఉంచుకున్నారు. 1992 ఏప్రిల్ 12న పార్కుతో పాటు దాదాపు 5,200 గదుల హోటళ్లను ఒకేసారి తెరిచారు. అంచనాలన్నీ ఫ్లోరిడా అనుభవం మీద వేసినవి. యూరప్ కుటుంబాలు ఒక రోజుకు వచ్చి సాయంత్రానికి పారిస్ వెళ్లిపోయాయి. భోజనంతో ద్రాక్షసారా వడ్డించకపోవడం ఫ్రెంచివారికి మింగుడుపడలేదు. 1993లో ఆ నియమాన్ని మార్చారు. అప్పుడే యూరప్‌లో ఆర్థిక మాంద్యం వచ్చింది, వడ్డీరేట్లు పెరిగాయి, ఆస్తుల ధరలు పడిపోయాయి. చుట్టుపక్కల భూములు అభివృద్ధి చేసి అమ్మి అప్పు తీర్చాలన్న పథకం ఆగిపోయింది. 1993 ఆర్థిక సంవత్సరంలో నష్టం 530 కోట్ల ఫ్రాంకులు.

1994లో బ్యాంకులు వడ్డీ వదులుకోగా, డిస్నీ కొన్నేళ్లు రాయల్టీ వదులుకోగా, సౌదీ రాజకుమారుడు అల్‌వలీద్ పెట్టుబడి పెట్టగా సంస్థ గట్టెక్కింది. పార్కు మాత్రం నాణ్యతలో తక్కువ కాదు. దాని కోట, తోటలు, రైడ్ల రూపకల్పనను డిస్నీ పార్కులన్నిటిలో అందమైనవిగా చెప్పేవారు ఎక్కువ. యూరప్‌లో అత్యధిక సందర్శకులు వచ్చే థీమ్ పార్కుగా అది నిలదొక్కుకుంది. 2017లో డిస్నీ దాన్ని పూర్తిగా సొంతం చేసుకుంది. కళగా నెగ్గి, అప్పుల దగ్గర ఓడిన ప్రాజెక్టు ఇది. ఐస్నర్ మాత్రం దాని నుంచి అప్పుల పాఠం కాకుండా, పార్కుల మీద ఎక్కువ ఖర్చు పెట్టకూడదన్న పాఠం నేర్చుకున్నారన్నది విమర్శకుల వాదన. తరువాతి పార్కులు ఆ వాదనకు బలమిస్తాయి.

1994: మలుపు

1994 ఏప్రిల్ 3న నెవాడాలో హెలికాప్టర్ కూలి ఫ్రాంక్ వెల్స్ మరణించారు. ఆ స్థానం తనదేనని కాట్జెన్‌బర్గ్ ఆశించారు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవన్నట్టు, ఐస్నర్ నిరాకరించారు. జులైలో ఐస్నర్‌కు గుండె బైపాస్ శస్త్రచికిత్స జరిగింది. ఆ శరదృతువులో కాట్జెన్‌బర్గ్ వెళ్లిపోయి స్టీవెన్ స్పీల్‌బర్గ్, డేవిడ్ గెఫెన్‌లతో డ్రీమ్‌వర్క్స్ స్థాపించారు. తనకు రావలసిన లాభాల వాటా కోసం వేసిన దావాను డిస్నీ 1999లో భారీ మొత్తం చెల్లించి పరిష్కరించుకోవాల్సి వచ్చింది. వర్జీనియాలో తలపెట్టిన 'డిస్నీస్ అమెరికా' అనే చరిత్ర పార్కును అంతర్యుద్ధ క్షేత్రాలకు చేరువగా ఉందన్న చరిత్రకారుల, స్థానికుల నిరసనతో 1994 సెప్టెంబరులో విరమించుకున్నారు.

ఏబీసీ, ఓవిట్జ్

1995 జులైలో ప్రకటించిన క్యాపిటల్ సిటీస్–ఏబీసీ కొనుగోలు విలువ దాదాపు 1,900 కోట్ల డాలర్లు. అప్పటి వార్తలన్నీ ఏబీసీ ప్రసారజాలం చుట్టూ తిరిగాయి. కానీ దానితో పాటు చేతికొచ్చిన ఈఎస్‌పీఎన్ క్రీడా ఛానల్ తరువాతి రెండు దశాబ్దాల పాటు సంస్థకు ప్రధాన లాభ వనరుల్లో ఒకటైంది. ఏబీసీ మాత్రం తడబడుతూనే నడిచింది. 1999లో వచ్చిన 'హూ వాంట్స్ టు బి ఎ మిలియనీర్' ఘనవిజయం సాధించింది. తెలుగులో 'మీలో ఎవరు కోటీశ్వరుడు'గా వచ్చింది ఆ కార్యక్రమ నమూనాయే. ఏబీసీ దాన్ని వారంలో పలు రాత్రులు ప్రసారం చేసి త్వరగానే మొహం మొత్తించింది. 'లాస్ట్', 'డెస్పరేట్ హౌస్‌వైవ్స్' వచ్చి ఏబీసీ కోలుకున్నది 2004లో, అంటే ఐస్నర్ నిష్క్రమణ ఖాయమయ్యే వేళకు.

వెల్స్ ఖాళీని పూరించడానికి 1995లో ఐస్నర్ తన స్నేహితుడు, హాలీవుడ్ ఏజెంట్ మైఖేల్ ఓవిట్జ్‌ను అధ్యక్షుడిగా తెచ్చారు. తెచ్చిన క్షణం నుంచి అధికారం ఇవ్వలేదు. 14 నెలల్లో ఓవిట్జ్ వెళ్లిపోయారు. ఒప్పందం ప్రకారం ఆయనకు ముట్టిన పరిహారం దాదాపు 14 కోట్ల డాలర్లు. వాటాదారులు డెలావేర్ న్యాయస్థానానికి వెళ్లారు. 2005 ఆగస్టులో వెలువడిన తీర్పు బోర్డు చట్టాన్ని ఉల్లంఘించలేదని తేల్చింది. 2006లో రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. అయితే డైరెక్టర్ల తీరు ఉత్తమ పద్ధతులకు చాలా దూరంగా ఉందని, ఐస్నర్ తనను తాను ఎదురులేని ఏలికగా ప్రతిష్ఠించుకున్నారని 2005 తీర్పులో న్యాయమూర్తి విమర్శించారు. అమెరికా కంపెనీ చట్టం చదివేవారికి ఈ కేసు నేటికీ పాఠ్యాంశం. ఆ బోర్డులో ఐస్నర్ సొంత న్యాయవాది, ఆయన పిల్లలు చదివిన బడి ప్రధానోపాధ్యాయురాలు, ఆయన పనులిచ్చిన వాస్తుశిల్పి సభ్యులుగా ఉండేవారు.

రెండో తరం పార్కులు

కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో డిస్నీలాండ్ పక్కన ఎప్‌కాట్ తరహా పార్కు కట్టాలన్న పథకాన్ని యూరో డిస్నీ నష్టాల తరువాత 1995లో వదిలేశారు. దాని స్థానంలో 2001 ఫిబ్రవరి 8న డిస్నీస్ కాలిఫోర్నియా అడ్వెంచర్ తెరిచారు. దుకాణాలు, భోజనశాలలు పుష్కలం. కుటుంబమంతా ఎక్కగల రైడ్లు తక్కువ. చాలాచోట్ల ఉత్సవ మైదానాల్లో దొరికే రకం యంత్రాలే. ఏడాదికి 70 లక్షల మంది వస్తారనుకుంటే పరిశ్రమ అంచనాల ప్రకారం మొదటి సంవత్సరం 50 లక్షల మందే వచ్చారు.

అదే ఏడాది సెప్టెంబరు 4న టోక్యో డిస్నీసీ ప్రారంభమైంది. రెండిటినీ రూపొందించింది డిస్నీ ఇమాజినీరింగ్ విభాగమే. టోక్యోలో డబ్బు పెట్టింది ఓరియంటల్ ల్యాండ్. ఆ ఖర్చు కాలిఫోర్నియా పార్కుకు రెట్టింపు కంటే ఎక్కువ. ప్రపంచంలోని ఉత్తమ థీమ్ పార్కుల్లో ఒకటిగా డిస్నీసీకి పేరొచ్చింది. లోపం కళాకారులది కాదు, బడ్జెట్ నిర్ణయించినవారిది అనడానికి ఇంతకంటే సూటైన పోలిక దొరకదు. 2002లో పారిస్‌లో తెరిచిన వాల్ట్ డిస్నీ స్టూడియోస్ పార్కు, 2005 సెప్టెంబరులో వచ్చిన హాంగ్‌కాంగ్ డిస్నీలాండ్ కూడా చాలినన్ని ఆకర్షణలు లేవన్న విమర్శకు గురయ్యాయి. 2001 సెప్టెంబరు 11 దాడుల తరువాత ప్రయాణాలు తగ్గి పార్కుల ఆదాయం పడిపోయిన మాట నిజం. కానీ ఈ పార్కుల పరిమాణం అంతకు ముందే ఖరారైంది.

నిర్వహణ ఖర్చుల కోత మరింత తీవ్రమైన ప్రశ్న లేవనెత్తింది. 2003 సెప్టెంబరు 5న డిస్నీలాండ్‌లో బిగ్ థండర్ రైల్‌రోడ్ రైడ్ పట్టాలు తప్పి ఒకరు మరణించారు. సరిగా చేయని నిర్వహణే కారణమని రాష్ట్ర దర్యాప్తు తేల్చింది. డిస్నీలాండ్ స్వర్ణోత్సవం ముందు ఆ పార్కు కొత్త నిర్వాహకులు రంగులు, మరమ్మతులు పెద్ద ఎత్తున చేపట్టారు. అప్పటిదాకా ఎంత వాయిదా పడిందో ఆ పనుల జాబితాయే చెప్పింది.

పిక్సర్, వాటాదారుల తిరుగుబాటు

1990ల చివర చేతి యానిమేషన్ వన్నె తగ్గింది. ఆ లోటును డిస్నీ పంపిణీ చేసిన పిక్సర్ స్టూడియో కంప్యూటర్ యానిమేషన్ చిత్రాలు పూడ్చాయి. 2003లో వచ్చే 'ఫైండింగ్ నీమో' పిక్సర్‌కు నేల చూపిస్తుందని ఐస్నర్ ముందుగా బోర్డుకు రాసినట్టు అప్పటి పత్రికలు వెల్లడించాయి. ఆ చిత్రం రికార్డులు సృష్టించింది. పిక్సర్ అధిపతి స్టీవ్ జాబ్స్‌తో సంబంధాలు చెడి, 2004 జనవరిలో ఒప్పంద చర్చలు తెగిపోయాయి. అదే నెలలో ఫ్లోరిడాలోని డిస్నీ యానిమేషన్ స్టూడియో మూతపడింది.

అంతకు ముందే 2003 నవంబరు 30న రాయ్ ఇ. డిస్నీ బోర్డుకు రాజీనామా చేశారు. 19 ఏళ్ల కిందట ఐస్నర్‌ను తెచ్చిన చేయే ఆయన్ను దించడానికి 'సేవ్ డిస్నీ' ఉద్యమం నడిపింది. స్టాన్లీ గోల్డ్ తోడయ్యారు. 2004 ఫిబ్రవరిలో కేబుల్ టీవీ సంస్థ కామ్‌కాస్ట్ దాదాపు 5,400 కోట్ల డాలర్లకు సంస్థను కొంటామని ప్రకటించింది. షేరు ధర 1997లో ఉన్నచోటే ఉండటం ఆ ధైర్యానికి కారణం. బోర్డు ఒప్పుకోలేదు. మార్చి 3న ఫిలడెల్ఫియాలో జరిగిన వార్షిక సమావేశంలో 40 శాతానికి పైగా ఓట్లు ఐస్నర్‌కు దక్కలేదు. ఆ రాత్రే బోర్డు అధ్యక్ష పదవిని మాజీ సెనేటర్ జార్జ్ మిచెల్‌కు అప్పగించింది. 2005 సెప్టెంబరు 30న ఐస్నర్ సంస్థను వీడారు.

వారసుల లెక్కలో

తరువాతి సీఈఓ బాబ్ ఐగర్ ఏబీసీ కొనుగోలుతో డిస్నీలోకి వచ్చినవారు, ఐస్నర్ బలపరిచిన అభ్యర్థి. ఆయన వస్తూనే రాయ్ డిస్నీతో రాజీ కుదుర్చుకున్నారు. 2006లో పిక్సర్‌ను 740 కోట్ల డాలర్లకు కొన్నారు. మార్వెల్ (2009), లూకస్‌ఫిల్మ్ (2012) తరువాత వచ్చాయి. కాలిఫోర్నియా అడ్వెంచర్‌ను బాగుచేయడానికి 2007లో దాదాపు 110 కోట్ల డాలర్ల పథకం ప్రకటించారు. పార్కు కట్టిన ఖర్చు కంటే సరిదిద్దిన ఖర్చు ఎక్కువైంది. 2012లో కార్స్ ల్యాండ్ తెరిచాక సందర్శకులు 70 లక్షలు దాటారు.

నిర్ణయాల భారం తరువాతివారి లెక్కలో పడుతుందన్న సూత్రం ఐగర్ పాలనకూ వర్తిస్తుంది. 2019లో 7,130 కోట్ల డాలర్లతో ట్వంటీఫస్ట్ సెంచరీ ఫాక్స్‌ను కొన్న భారం, స్ట్రీమింగ్ నష్టాలు 2020 ఫిబ్రవరిలో పగ్గాలు అందుకున్న బాబ్ చాపెక్ మీద పడ్డాయి. వారాల్లోనే కోవిడ్‌తో పార్కులు మూతపడ్డాయి. ఫాస్ట్‌పాస్ స్థానంలో డబ్బు చెల్లించే విధానం తేవడం, ఫ్లోరిడా ప్రభుత్వంతో వివాదాన్ని తడబడుతూ నడపడం చాపెక్ సొంత పొరపాట్లు. ఒప్పందం పొడిగించిన అయిదు నెలలకే, 2022 నవంబరులో బోర్డు ఆయన్ను తొలగించి ఐగర్‌ను వెనక్కి పిలిచింది.

తెలుగువారికి ఈ చరిత్రతో సంబంధం ఎక్కువగా ఐగర్ కాలానిది. 2011 సంక్రాంతికి విడుదలైన 'అనగనగా ఓ ధీరుడు' నిర్మాణంలో డిస్నీ భాగస్వామి. ఫాక్స్ కొనుగోలుతో స్టార్ మా ఛానల్ డిస్నీ కిందికి వచ్చింది. 2024 నవంబరులో భారత వ్యాపారం రిలయన్స్‌తో కలిసిన ఉమ్మడి సంస్థలోకి మారింది.

అంచనా

ఐస్నర్‌ను సమర్థించేవారు 1984–1994 లెక్కలు, ఈఎస్‌పీఎన్, హోటళ్లు చూపుతారు. వ్యతిరేకించేవారు ఓవిట్జ్, పిక్సర్, కాలిఫోర్నియా అడ్వెంచర్ చూపుతారు. రెండు జాబితాలూ నిజమే. వాటిని విడదీసేది అదృష్టం మాత్రమే కాదు. మొదటి దశాబ్దంలో ఆయన ఎదుట కాదని చెప్పగల సహచరుడు ఒకరున్నారు. రెండో దశాబ్దంలో ఆ స్థానాన్ని ఎవరికీ దక్కనివ్వలేదు. ప్రతిభావంతులను ఆకర్షించడం ఆయన బలం. నిలుపుకోలేకపోవడం బలహీనత. కాట్జెన్‌బర్గ్, జాబ్స్, రాయ్ డిస్నీ ముగ్గురూ ఒకే తీరుగా దూరమయ్యారు.

ప్రతిఫలం కూడా ఈ లెక్కలో భాగమే. లాభాలకు ముడిపెట్టిన బోనసు, స్టాక్ ఆప్షన్లు తొలినాళ్లలో అందరికీ మేలు చేశాయి. 1992లో ఆప్షన్ల ద్వారా ఆయన పొందినది దాదాపు 20 కోట్ల డాలర్లు. కానీ షేరు ధర మీద ఆధారపడిన ప్రతిఫలం పార్కుల నాణ్యతను కొలవలేదు. రంగు వేయడం వాయిదా వేస్తే ఈ మూడు నెలల లాభం పెరుగుతుంది. దాని నష్టం పదేళ్లకు బయటపడుతుంది. థీమ్ పార్కు సంస్థ అధిపతిని తూచేటప్పుడు వారసత్వంగా ఏమి అందింది, వెళ్తూ ఏ పనులు మిగిల్చారు, ఎవరిని నిలుపుకున్నారు అన్నవి లాభాల పట్టికతో సమానంగా చూడవలసినవి.

బాధ్యత బోర్డుదీ. సీఈఓ పదవిని, బోర్డు అధ్యక్ష పదవిని వేరుచేయడం 2004 తిరుగుబాటు సాధించిన స్పష్టమైన సంస్కరణ. షేరు ధర పెరిగి, విమర్శలు సద్దుమణిగాక 2012 మార్చిలో అదే సంస్థ ఆ రెండు పదవులనూ మళ్లీ ఐగర్ ఒక్కరికే కట్టబెట్టింది.